మినహాయింపుల్లో తెలిసే పనితనం

1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక వ్యక్తి, లేని ల్యాబొరేటరీ పేరుతో లెటర్‌హెడ్ తయారుచేసుకుని, సూక్ష్మజీవుల నమూనాలు సరఫరా చేసే ఒక సంస్థకు ఆర్డరు పెట్టాడు. అడిగింది ప్లేగు బ్యాక్టీరియా. మూడు చిన్న సీసాలు బయల్దేరాయి. సరుకు ఇంకా రాలేదేమని అతను ఆత్రంగా ఫోన్లు చేయడంతో ఆ సంస్థకు అనుమానం వచ్చింది. విషయం అధికారుల దాకా వెళ్లింది, మనిషి దొరికాడు, సీసాలూ దొరికాయి. అయితే కేసు ఏమని పెట్టాలి? ఆయుధంగా వాడే ఉద్దేశం ఉందని రుజువు చేయగలిగితే 1990 నాటి చట్టం ఒకటి ఉంది. ఉద్దేశం రుజువు కాకపోతే, ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించిన ప్లేగును ఇంట్లో పెట్టుకోవడం అప్పటికి అక్కడ నేరమే కాదు. చివరికి అతనికి శిక్ష పడింది దొంగమాటలు చెప్పి సరుకు తెప్పించుకున్నందుకు. ప్లేగు దగ్గర పెట్టుకున్నందుకు కాదు.

మరుసటి ఏడాదే అమెరికా కాంగ్రెస్ ఈ కంత పూడ్చబోయింది. 1996 ఉగ్రవాద నిరోధక చట్టంలో ఒక సెక్షను పెట్టి, ప్రమాదకరమైన సూక్ష్మజీవులను ఒక ల్యాబు నుంచి ఇంకో ల్యాబుకు పంపాలంటే రెండూ ముందుగా రిజిస్టరు కావాలని చెప్పింది. జరిగిన సంఘటన పోస్టులో సరుకు రావడం గనక, చట్టం కూడా రాకపోకల మీదే కన్నేసింది. అంతకుముందే ఫ్రీజర్లలో ఉన్నవాటి ఊసెత్తలేదు. పంపనంత కాలం, తెప్పించుకోనంత కాలం ఎవరి దగ్గర ఏముందో ప్రభుత్వానికి చెప్పనక్కర్లేదు. నిన్నటి సంఘటనకు మాత్రమే సరిపోయేలా రాసిన చట్టాలకు ఇలాంటి లోపం మామూలే.

దాని ఫలితం 2001 శరత్కాలంలో తెలిసింది. సెప్టెంబరు 18, అక్టోబరు 9 తేదీల ముద్రలున్న ఉత్తరాల్లో ఆంత్రాక్స్ పొడి మీడియా కార్యాలయాలకు, ఇద్దరు సెనేటర్లకు చేరింది. ఐదుగురు చనిపోయారు, పదిహేడు మంది జబ్బుపడ్డారు. ఉత్తరాలు విడదీసే తపాలా ఉద్యోగులు, ఆ ఉత్తరాలతో ఏ సంబంధమూ లేనివాళ్లు కూడా వారిలో ఉన్నారు. దేశంలో ఆంత్రాక్స్ ఎన్ని ల్యాబుల్లో ఉంది, ఎవరి చేతుల్లో ఉంది అని అడిగితే, పూర్తి జాబితా ఏ ప్రభుత్వ శాఖ దగ్గరా లేదు.

ఆ భయం ఇంకా తగ్గకముందే తయారైంది నేను ఇక్కడ పరిచయం చేయదలచుకున్న చట్టం. ప్రజారోగ్య భద్రత, జీవ ఉగ్రవాద సన్నద్ధత, ప్రతిస్పందన చట్టం అని దాని పూర్తి పేరు. ప్రతినిధుల సభలో 425–1, సెనేట్‌లో 98–0 ఓట్లతో తుదిరూపం ఆమోదం పొందింది. 2002 జూన్ 12న అధ్యక్షుడు జార్జ్ బుష్ సంతకం చేశారు. మొదటి ఉత్తరం పోస్టులో పడిననాటి నుంచి లెక్కేస్తే తొమ్మిది నెలలు కూడా కాలేదు.

భయంలో, తొందరలో రాసిన చట్టాలు ఎలా ఉంటాయో మనకు తెలుసు. కనబడినదల్లా నిషేధిస్తాయి, అధికారికి పట్టపగ్గాల్లేని అధికారం ఇస్తాయి. ఈ చట్టం కూడా కఠినమైనదే. కానీ దీన్ని సెక్షను సెక్షనుగా చదివితే, దేన్ని ఆపాలన్నదాని మీద పెట్టినంత శ్రద్ధ, దేన్ని ఆపకూడదన్నదాని మీదా పెట్టారని తెలుస్తుంది. చెరువుకు కట్ట ఎంత ముఖ్యమో తూము అంత ముఖ్యం. నీళ్లు నిలవాలి, పొలానికీ పారాలి. ఈ చట్టంలో నన్ను మళ్లీ మళ్లీ వెనక్కి లాగేది ఆ తూముల పనే.

జాబితా ఎలా కట్టారు

చట్టం రెండో భాగం ప్రమాదకరమైన సూక్ష్మజీవుల, విషాల అదుపు గురించి. అందులోని 201వ సెక్షను, ప్రజారోగ్య సేవల చట్టంలోకి 351ఏ అనే కొత్త సెక్షన్ని చేరుస్తుంది. గుండెకాయ అదే.

మొదట గమనించాల్సింది, ఏ క్రిమి ప్రమాదకరమైనదో చట్టంలో పేర్లు రాయలేదు. జాబితా తయారుచేసే పని ఆరోగ్య మంత్రికి అప్పగించి, ఏయే కొలతలతో చేయాలో మాత్రం చట్టంలోనే నిర్దేశించారు. మనిషికి సోకితే ఎంత హాని, ఒకరి నుంచి ఒకరికి ఎంతగా ఏ దారిన పాకుతుంది, దానికి మందులు, టీకాలు ఉన్నాయా, ఉంటే ఎంతవరకు పనిచేస్తాయి అన్నవి చూడాలి. పిల్లలు, తేలిగ్గా దెబ్బతినే ఇతరుల అవసరాలనూ లెక్కలోకి తీసుకోవాలి. రెండేళ్లకోసారి, అవసరమైతే అంతకంటే ముందే, జాబితాను సమీక్షించి మళ్లీ ప్రకటించాలి.

ఇందులో పనితనం ఏమిటంటే, సైన్సు మారేకొద్దీ జాబితా మారుతుంది, కాంగ్రెస్ మళ్లీ కూర్చోనక్కర్లేదు. అయితే మంత్రి ఇష్టం వచ్చినట్టు మార్చడానికీ లేదు, కొలతలు ఆయన చేతిలో లేవు. ఈ జాబితాలోకి వచ్చినవాటిని అక్కడ సెలెక్ట్ ఏజెంట్లు అంటారు. పైరుకు, పశువులకు చేటు తెచ్చేవాటికి వ్యవసాయ శాఖ వేరే జాబితా వేస్తుంది. ఆంత్రాక్స్ మనిషికీ వస్తుంది, పశువుకూ వస్తుంది. మన రైతులు దొమ్మ రోగం అనేది దాన్నే. ఇలాంటివి రెండు శాఖల కిందికీ వస్తాయి. మరి ఒకే ల్యాబు రెండు ఆఫీసుల చుట్టూ తిరగాలా? ఆ ఊహ రాసినవాళ్లకు ముందే వచ్చింది. రెండు శాఖలూ కూడబలుక్కుని పనిచేయాలని, ఒకే సూక్ష్మజీవికి ల్యాబును రెండుసార్లు వేధించొద్దని 221వ సెక్షను ప్రత్యేకంగా చెబుతుంది.

ఇక ముఖ్యమైన మలుపు. 1996 చట్టం పంపడాన్ని మాత్రమే పట్టించుకుంది. 2002 చట్టం మూడు మాటలు పక్కపక్కన పెట్టింది: దగ్గర ఉంచుకోవడం, వాడటం, పంపడం. ఒహాయో కేసులో బయటపడిన కంత, ఆంత్రాక్స్ ఉత్తరాల నాడు తెలిసిన చీకటి, రెండూ ఆ మొదటి మాటతో మూసుకుపోయాయి. జాబితాలోని క్రిమి దగ్గరున్న ప్రతి సంస్థా రిజిస్టరు కావాలి. దాన్ని ముట్టుకునే ప్రతి మనిషి పేరూ న్యాయశాఖకు వెళ్లాలి. అక్కడ నేర రికార్డులు, వలస రికార్డులు, జాతీయ భద్రత రికార్డులు చూసి, తగినవారో కాదో తేలుస్తారు. పోయినా, దొంగిలించినా, బయటికి లీకైనా వెంటనే చెప్పాలి. నియమం తప్పితే వ్యక్తికి 2,50,000 డాలర్ల దాకా, సంస్థకు 5,00,000 డాలర్ల దాకా జరిమానా అని 2002లో రాశారు.

ఇక్కడితో ఆపేస్తే ఇది మరో కఠిన చట్టం అయ్యేది. కానీ అదే సెక్షనులో, భద్రతా నియమాల పక్కనే, ఇంకో బాధ్యత కూడా రాశారు. పరిశోధనకు, బోధనకు, న్యాయమైన ఇతర అవసరాలకు ఈ సూక్ష్మజీవులు తగినట్టుగా అందుబాటులో ఉండేలా చూడాలి. అంటే తాళం వేసే అధికారికే, తాళం తీసే బాధ్యత కూడా. ఎవరికి తీయాలో తెలుసుకుని మరీ తీయాలి. ఈ వాక్యం ఎంత అవసరమో ఆ రోజుల్లోనే ఒక ఉదంతం చూపింది. 2001 అక్టోబరులో, ఉత్తరాల భయం మధ్యన, ఆయోవా స్టేట్ యూనివర్సిటీ దశాబ్దాలుగా దాచుకున్న తన ఆంత్రాక్స్ నమూనాలను ధ్వంసం చేసేసింది. అవి దర్యాప్తుకు పనికొచ్చేవేమోనని తర్వాత శాస్త్రవేత్తలు వాపోయారు. భయపడ్డ సంస్థ చేసే మొదటి పని తన దగ్గరున్నదాన్ని వదిలించుకోవడం. ఆ క్రిములతోనే టీకాలు, మందులు, పరీక్షలు తయారు కావాలి గనక, అలా వదిలించుకుంటే రేపటి దాడికి దేశం నిరాయుధంగా మిగులుతుంది. చట్టం రాసినవాళ్లు ఆ ప్రమాదాన్నీ జీవ ప్రమాదంతో సమానంగా చూశారు.

ఎవరిని వదిలిపెట్టాలి

మినహాయింపుల భాగం చదువుతుంటే ల్యాబులో, ఆస్పత్రిలో, పొలంలో నిలబడి రాసినట్టుంటుంది.

ఒక చిన్న ఆస్పత్రి ల్యాబు ఉందనుకోండి. జ్వరంతో వచ్చిన రోగి రక్తం తీసి పరీక్షకు పెట్టారు. రెండు రోజులకు పెరిగింది ప్లేగు బ్యాక్టీరియా అని తేలింది. అంటే రిజిస్టరు కాని ఆ ల్యాబు దగ్గర, ఆ క్షణం నుంచి, జాబితాలోని క్రిమి ఉన్నట్టే. చట్టం అక్షరాలా వర్తిస్తే రోగిని కాపాడబోయిన టెక్నీషియన్ నేరస్థుడు. అందుకే రోగ నిర్ధారణకు వచ్చిన నమూనాలు చూసే ల్యాబులను చట్టమే మినహాయించింది. షరతులు రెండే: ఏం కనబడిందో అధికారులకు చెప్పాలి, ఆ నమూనాను నియమాల ప్రకారం వేరొకరికి అప్పగించాలి లేదా నాశనం చేయాలి. దీనికి నియమావళి ఇచ్చిన గడువు గుర్తించిన నాటి నుంచి ఏడు రోజులు. అలా చేయడంతో రోగనిర్ధారణ ఆగలేదు సరికదా, దేశంలోని ప్రతి మామూలు ల్యాబూ ప్రమాదాన్ని మొదట చూసి చెప్పే కాపలాదారు అయింది.

రెండో మినహాయింపు ప్రకృతికి. ఆంత్రాక్స్ మట్టిలో ఏళ్ల తరబడి బతికే జీవి. విశాఖ మన్యంలో దొమ్మ రోగంతో చచ్చిన పశువు మాంసం కోసిన, తిన్న గిరిజనులకు అది సోకిన సందర్భాలు మనకు కొత్తకాదు. అలాంటి నేల అమెరికాలోనూ ఉంది. మరి పొలం ఉన్న రైతు దగ్గర ఆంత్రాక్స్ ఉన్నట్టా? చట్టం కింద వచ్చిన నియమావళి దీనికి స్పష్టంగా సమాధానం చెప్పింది. సహజంగా ఉండే చోట ఉన్నంతవరకు, ఎవరూ కావాలని తెచ్చి పెట్టనంతవరకు, పెంచనంతవరకు, సేకరించనంతవరకు, వేరుచేసి తీయనంతవరకు అది ఈ చట్టం పరిధిలోకి రాదు. పాలమూరు, నల్లగొండ మెట్టపొలాల్లో పండే ఆముదం గింజలో రైసిన్ అనే విషం ఉంటుంది. అది జాబితాలో ఉన్న విషమే. గింజలో ఉన్నంతకాలం అది పంట. దాన్ని గింజలోంచి వేరుచేసి పోగేసినప్పుడే చట్టం నిద్రలేస్తుంది. అక్కడ కూడా పరిశోధనకు వాడే కొద్దిపాటి పరిమాణాలకు ఒక హద్దు గీసి, అంతకు తక్కువైతే వదిలేశారు. ప్రాణంలేని క్రిములనూ, బలం తీసేశారని రుజువైన టీకా రకాలనూ వదిలేశారు.

మూడోది అత్యవసర పరిస్థితి. అంటురోగం ప్రబలినప్పుడు రిజిస్ట్రేషన్ కాగితాల కోసం కూర్చుంటే మనుషులు చచ్చిపోతారు. అందుకని మంత్రి ఎవరికైనా తాత్కాలికంగా మినహాయింపు ఇవ్వొచ్చు. అది 30 రోజులకు. మళ్లీ ఒకే ఒక్కసారి, ఇంకో 30 రోజులకు పొడిగించవచ్చు. అత్యవసరం పేరుతో ఇచ్చిన అధికారం ఎప్పటికీ కొనసాగడం ఏ దేశానికైనా అనుభవమే. ఇక్కడ అధికారం పుట్టిన వాక్యంలోనే దాని చావు తేదీ కూడా ఉంది.

ఇంకొక చిన్న సంగతి. తనిఖీలో పేరు తిరస్కరించబడిన శాస్త్రవేత్త ఏం చేయాలి? ఉద్యోగం, పేరు, పరిశోధన అన్నీ ఒక కంప్యూటర్ పేర్ల పోలికతో పోగొట్టుకోవచ్చు. ఆ నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించమని కోరే హక్కును చట్టమే ఇచ్చింది. తెలుగువాళ్లతో సహా ఎంతోమంది విదేశీ శాస్త్రవేత్తలు పనిచేసే అమెరికన్ ల్యాబుల్లో ఈ హక్కు విలువ ఎక్కువ.

రొయ్యల కంటైనరు, ఆవకాయ జాడీ

మూడో భాగం తిండి గురించి. జీవ దాడుల చట్టంలో దీనికేం పని అనిపించవచ్చు. దానికి కారణం కూడా అమెరికా చరిత్రలోనే ఉంది. 1984లో ఆరెగాన్ రాష్ట్రంలోని ది డాల్స్ అనే ఊళ్లో, రజనీష్ ఆశ్రమానికి చెందిన కొందరు హోటళ్ల సలాడ్ గిన్నెల్లో సాల్మొనెల్లా కలిపారు. 751 మంది జబ్బుపడ్డారు. స్థానిక ఎన్నికల్లో ఓటర్లను ఇంట్లో పడేయడం వాళ్ల ఉద్దేశం. సాల్మొనెల్లా పేరు సెలెక్ట్ ఏజెంట్ల జాబితాలో లేదు, అది ప్రతి ఊళ్లో దొరికే క్రిమి. కాబట్టి జాబితా ఎంత పకడ్బందీగా ఉన్నా సరిపోదు. తిండి ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో తెలిసే ఏర్పాటు ఉండాలి.

దానికి చట్టం ఎంచుకున్న పద్ధతిలో పొదుపు ఉంది. తిండి తయారుచేసే, నిల్వచేసే ప్రతి కేంద్రం, విదేశాల్లోవి కూడా, ఆహార ఔషధ సంస్థ దగ్గర రిజిస్టరు కావాలని 305వ సెక్షను అంటుంది. సరుకు ఎవరి నుంచి వచ్చింది, ఎవరికి పోయింది అన్న లెక్క మాత్రమే అడుగుతుంది 306వ సెక్షను. వెనక్కి ఒక అడుగు, ముందుకు ఒక అడుగు. గొలుసులో ప్రతి ఒక్కరూ ఆ రెండు అడుగులే రాసి పెట్టుకుంటే, ఏ ఒక్కరి నెత్తిన మొత్తం గొలుసు భారం పడకుండానే జబ్బు మూలం దాకా పోవచ్చు. పైగా అధికారి ఏయే కాగితాలు అడగకూడదో కూడా రాశారు. ధరలు, అమ్మకాల లెక్కలు, ఉద్యోగుల వివరాలు, పరిశోధన సమాచారం, చివరికి వంట పాళ్లు. భద్రత పేరు చెప్పి ఒకరి వ్యాపార రహస్యం లాక్కోవడానికి వీల్లేదు.

దీని దారి మన తీరం దాకా వచ్చింది. భీమవరం, కాకినాడ, విశాఖపట్నం ప్రాంతాల ప్రాసెసింగ్ ప్లాంట్ల నుంచి అమెరికాకు రొయ్యలు పంపే ప్రతి కేంద్రమూ అక్కడ రిజిస్టరు కావాలి, అమెరికాలో ఒక ఏజెంటును పెట్టుకోవాలి. కానీ చెరువు గట్టున రొయ్య పెంచే రైతు మాత్రం రిజిస్టరు కానక్కర్లేదు. పొలాలను, పశువులు, చేపలు పెంచే చోట్లను పూర్తిగా వదిలేశారు. కంటైనరు బయల్దేరాక, అమెరికా రేవు చేరే ముందు, ఏం వస్తోందో ఎవరు పంపారో ముందస్తు సమాచారం ఇవ్వాలి. మొదట్లో, ముందురోజు మధ్యాహ్నానికే చెప్పాలన్న ప్రతిపాదన వచ్చింది. తుదకు రోడ్డు మీదైతే రెండు గంటలు, రైలుకైనా విమానానికైనా నాలుగు గంటలు, ఓడకైతే ఎనిమిది గంటలు చాలన్నారు. ప్రయాణానికి పట్టే కాలాన్నిబట్టి గడువు పెట్టడంలో, పని చేసేవాళ్ల ఇబ్బంది తెలిసిన చెయ్యి కనబడుతుంది.

ఈ ముందస్తు సమాచారం నియమావళిలో రెండు మినహాయింపులు తెలుగిళ్లకు సూటిగా తగులుతాయి. ప్రయాణికుడు తన సొంత వాడకానికి వెంట తెచ్చుకునే తిండికి ఈ సమాచారం అక్కర్లేదు. ఒక మనిషి తన ఇంట్లో చేసి, వ్యాపారం కోసం కాకుండా, అమెరికాలోని మరో మనిషికి కానుకగా పంపేదానికీ అక్కర్లేదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుక్కి అమ్మ పట్టిన ఆవకాయ, కూతురికి పంపిన సున్నుండలు ఈ వాక్యం నీడలో ఉన్నాయి. కొట్టులో కొని పంపితే మాత్రం ఈ వాక్యం వర్తించదు. కస్టమ్సు, మొక్కల తనిఖీ నియమాలు వేరే ఉన్నాయి, అవి తప్పవు. అయినా ఉగ్రవాదాన్ని ఆపడానికి కూర్చున్నవాళ్లు, ఇంటి వంటను కానుకగా పంపుకునే మనుషులు లోకంలో ఉంటారని గుర్తుపెట్టుకుని ఒక వాక్యం రాశారు. నాకు ఈ మొత్తం కట్టడంలో అతి ఇష్టమైన పని ఇదే.

అధికారికి పెట్టిన గడియారం

పౌరుడికి గడువులు పెట్టని చట్టం ఉండదు. ప్రభుత్వానికి గడువు పెట్టి, అది తప్పితే ఏమవుతుందో కూడా రాసిన చట్టాలు తక్కువ.

303వ సెక్షను తీసుకోండి. ఏదైనా ఆహారం వల్ల తీవ్రమైన హాని లేదా చావు ముప్పు ఉందని నమ్మదగిన ఆధారం దొరికితే అధికారి ఆ సరుకును ఆపవచ్చని 2002లో రాశారు. ఆపే అధికారం కింది ఉద్యోగికి లేదు, జిల్లా డైరెక్టరుకో అంతకంటే పైవారికో ఉంది. 20 రోజులు, తప్పనిసరైతే 30 రోజులు. అంతకు మించి లేదు. సరుకు యజమాని అప్పీలు చేస్తే ఐదు రోజుల్లో వాదన విని నిర్ణయం చెప్పాలి. చెప్పకపోతే? ఆపిన ఆజ్ఞ దానంతట అదే రద్దయినట్టు. పాడైపోయే సరుకైతే ఇంకా త్వరగా తేల్చాలి. అధికారి ఫైలు మీద కూర్చుంటే నష్టపోయేది యజమాని కాదు, అధికారి ఆజ్ఞే. ప్రభుత్వ కార్యాలయంలో ఫైలు కదలక నలిగిపోయిన ఎవరికైనా ఈ వాక్యం చదివితే ప్రాణం లేచొస్తుంది.

రెండో గడియారం 305, 307 సెక్షన్లలో ఉంది. చట్టం చేసి, నియమాలు తర్వాత వస్తాయని చెప్పి, ఆ నియమాలు ఏళ్ల తరబడి రాకపోవడం మనకు అలవాటైన తంతు. ఇక్కడ అలా కుదరనివ్వలేదు. పద్దెనిమిది నెలల్లో నియమాలు రావాలి. రాకపోయినా రిజిస్ట్రేషన్ బాధ్యత ఆ తేదీన అమల్లోకి వచ్చేస్తుంది. ముందస్తు సమాచారానికైతే, నియమం వచ్చేదాకా కనీసం ఎనిమిది గంటల, గరిష్ఠంగా ఐదు రోజుల గడువు చట్టం నుంచే అమలవుతుంది. నియమాలు ఆలస్యం చేసి చట్టాన్ని చల్లబరిచే దారి మూసేశారు. ఫలితంగా నియమాలు 2003 అక్టోబరు 10న వచ్చాయి, అనుకున్న డిసెంబరు 12నే అమలయ్యాయి.

నాలుగో భాగం తాగునీటి గురించి. 3,300 మందికి పైగా నీళ్లిచ్చే ప్రతి వ్యవస్థా తన బలహీనతలు ఎక్కడున్నాయో పరిశీలించి నివేదిక రాయాలి. లక్ష దాటిన ఊళ్లకు ముందు గడువు, చిన్న ఊళ్లకు తర్వాత. ఆ నివేదిక దొంగ చేతిలో పడితే అదే దాడికి పటం అవుతుంది గనక, దాన్ని సమాచార హక్కు పరిధి నుంచి తప్పించి, బయటపెట్టిన ఉద్యోగికి ఏడాది దాకా జైలు పెట్టారు.

ఊడిన కీళ్లు, మళ్లీ బిగించిన తీరు

లోపాలూ ఉన్నాయి. ఐదో భాగంలో మందుల కంపెనీల ఫీజుల సంగతి, డిజిటల్ టీవీ ప్రసారాల సంగతి తెచ్చి పెట్టారు. తప్పక గట్టెక్కే బిల్లు కనబడితే సంబంధంలేని సామాను దానికి తగిలించడం అక్కడి అలవాటు. అంత జాగ్రత్తగా చేసిన పనికి అది మచ్చే.

పెద్ద లోపం వేరొకటి. చట్టం బయటి మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఆంత్రాక్స్ ఉత్తరాల వెనకున్నది ఫోర్ట్ డెట్రిక్ సైనిక ల్యాబులో ఏళ్లుగా పనిచేసిన సొంత శాస్త్రవేత్తేనని దర్యాప్తు సంస్థ తేల్చింది. ఆయన 2008లోనే చనిపోయారు, కేసు విచారణకు రాలేదు. శాస్త్రీయ ఆధారాలొక్కటే ఆ నిర్ధారణకు చాలవని 2011లో జాతీయ శాస్త్ర అకాడమీ కమిటీ చెప్పింది. ఏమైనా, నేర రికార్డు లేని, వీసా చిక్కు లేని లోపలి మనిషిని రికార్డుల తనిఖీ పట్టుకోలేదన్నది స్పష్టమైంది. 2010లో అధ్యక్షుడి ఉత్తర్వు, 2012లో కొత్త నియమాలు వచ్చి, అతి ప్రమాదకరమైనవాటిని మొదటి అంచెగా విడదీసి, వాటిని ముట్టుకునేవాళ్ల మనస్తత్వం, నమ్మకం, నడవడి ఎప్పటికప్పుడు గమనించే ఏర్పాటు చేశాయి. మూల చట్టాన్ని కదిలించకుండానే ఇది సాధ్యమైంది. జాబితాను, భద్రతను నియమాలకు వదిలిపెట్టిన మొదటి నిర్ణయం అక్కడ అక్కరకొచ్చింది.

ఇంకో ఖాళీ మందుల విషయంలో కనబడింది. రోగులు లేని రోగానికి మందు ఎవరు తయారుచేస్తారు? మశూచి భూమ్మీద లేదు. ఆంత్రాక్స్ టీకాకు అంగడి లేదు. దీనికి జవాబుగా 2004 జులై 21న ప్రాజెక్ట్ బయోషీల్డ్ చట్టం వచ్చింది. పదేళ్లకు 559 కోట్ల డాలర్లు పక్కనబెట్టి, తయారైతే ప్రభుత్వమే కొంటుందని మాటిచ్చింది. కానీ సరుకు చేతికొచ్చాకే డబ్బు అన్నది షరతు. చిన్న కంపెనీకి ఆ నడిమి కాలం దాటడం కష్టం. 7.5 కోట్ల డోసుల ఆంత్రాక్స్ టీకా కోసం కుదుర్చుకున్న 87.75 కోట్ల డాలర్ల ఒప్పందం 2006 డిసెంబరులో రద్దయింది. అదే నెల 19న వచ్చిన కొత్త చట్టం, పరిశోధన దశలను దాటేకొద్దీ కొంత కొంత చెల్లించే పద్ధతి తెచ్చి, దానికోసం ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. తప్పు తెలిసిన చోటే, తెలిసిన వెంటనే మరమ్మతు.

బయోషీల్డ్‌లో మరో సెక్షను ఉంది. పూర్తి అనుమతి రాని మందును అత్యవసరంలో వాడే వీలు. రోగం తీవ్రమైనదో ప్రాణాంతకమైనదో అయి ఉండాలి, మందు పనిచేస్తుందనడానికి సబబైన కారణం ఉండాలి, మేలు కీడును మించాలి, అనుమతి ఉన్న మందు తగినంతగా వేరేది ఉండకూడదు. పుచ్చుకునే మనిషికి, వద్దనే అవకాశం ఉందని చెప్పాలి. అదే ఎమర్జెన్సీ యూజ్ ఆథరైజేషన్. ఆంత్రాక్స్ భయంతో రాసిన ఆ సెక్షనే 2020 డిసెంబరులో అమెరికాలో మొదటి కోవిడ్ టీకాలకు దారి ఇచ్చింది. ఆ మాట అప్పుడు మన ఇళ్లలో కూడా నలిగింది. మనిషి చేసే దాడికని కట్టిన ఏర్పాటు, ప్రకృతి తెచ్చిన మహమ్మారికి పనికొచ్చింది. సెక్షను రాసినవాళ్లు శత్రువు ఎవరన్నదాని మీద కంటే, రోగి ముందు డాక్టరు ఏ స్థితిలో ఉంటాడన్నదాని మీద దృష్టి పెట్టారు గనకే అది సాధ్యమైంది.

మనకు ఇందులో ఏముంది

1972లో సంతకాలకు పెట్టిన జీవాయుధాల ఒప్పందం ఈ ఆలోచనకు తాత. అది ఏ క్రిమి పేరూ చెప్పకుండా, రోగ నివారణకు, రక్షణకు, శాంతియుత పనులకు సమర్థించుకోలేని రకాన్నీ పరిమాణాన్నీ నిషేధించింది. వస్తువును కాకుండా ప్రయోజనాన్ని చూసి గీసిన గీత అది. భారతదేశం 1974లో దాన్ని ధ్రువీకరించింది, 2005లో సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం చేసుకుంది.

అయితే రోగం ఊరి మీద పడ్డప్పుడు మన చేతిలో ఇప్పటికీ ఉన్న ముఖ్యమైన చట్టాల్లో ఒకటి 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయి ప్లేగు సమయంలో నాలుగే సెక్షన్లతో వచ్చింది. అవసరమనుకున్న చర్యలన్నీ తీసుకోవచ్చని ప్రభుత్వానికి చెప్పి, ఆదేశం మీరినవారికి శిక్ష పెట్టి, చర్య తీసుకున్న అధికారిని కేసుల నుంచి కాపాడి, అక్కడితో ముగిసింది. ఏ అధికారం ఎంతకాలం, ఎవరిది, ఎవరిని వదలాలి, తప్పు జరిగితే ఎవరికి చెప్పుకోవాలి అన్నవి అందులో లేవు. ప్లేగు పేరు చెప్పి పూనాలో ఇళ్లలో జరిపిన సోదాలు జనాన్ని ఎంత మండించాయో చరిత్రలో ఉంది. అదే ఏడాది అక్కడి ప్లేగు అధికారి హత్య జరిగింది. 2020లో చట్టానికి సవరణలు వచ్చాయి గానీ, నిర్మాణం మారలేదు. అంటురోగాలతో పాటు జీవ ఉగ్రవాదాన్ని కూడా పేరుపెట్టి చేర్చిన కొత్త ప్రజారోగ్య బిల్లు ముసాయిదా 2017లో చర్చకు వచ్చి, చట్టం కాకుండా ఆగిపోయింది.

ఎప్పుడో ఒకనాడు దాన్ని మళ్లీ బయటికి తీస్తారు. హైదరాబాద్ టీకాల తయారీకి ప్రపంచంలోనే పేరున్న ఊరు గనక, ఆ చట్టం మంచిచెడులు మొదట తగిలే చోట్లలో ఇదీ ఒకటి. ఆనాడు బిల్లు రాసేవాళ్లు అమెరికా చట్టాన్ని నకలు చేయనక్కర్లేదు, మన ల్యాబులు వేరు, మన ఊళ్లు వేరు. చేయాల్సింది, వాళ్లు వేసుకున్న ప్రశ్నలు వేసుకోవడం. మన్యంలో దొమ్మ రోగం గుర్తించిన ప్రభుత్వాసుపత్రి ల్యాబు టెక్నీషియన్ మీద ఈ చట్టం ఏ భారం పెడుతుంది? ఆముదం రైతుకు దీనితో పనుందా? సరుకు ఆపిన అధికారి ఐదు రోజుల్లో నిర్ణయం చెప్పకపోతే ఏమవుతుంది? నియమాలు గడువులోగా రాకపోతే చట్టం ఆగుతుందా, నడుస్తుందా? ఈ నాలుగు ప్రశ్నలకూ ముసాయిదాలోనే, సెక్షను నంబరుతో సహా సమాధానం దొరికితే ఆ బిల్లుకు ఓటు వేయవచ్చు. దొరక్కపోతే, అందులో శిక్షలు ఎంత కఠినంగా ఉన్నా, దాన్ని వెనక్కి పంపి మళ్లీ రాయమనడమే దేశభద్రతకు చేసే మేలు.